పొట్లం సంగతి డాక్టరుకి చెప్పాలా?

బెంగళూరు రామమూర్తినగర్ నుంచి ఒక పాఠకురాలు రాశారు. పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి అవసరమైనంత వరకు నా మాటల్లో చెబుతాను.

ఆవిడకి 47 ఏళ్ళు. పుట్టిల్లు మదనపల్లె వైపు, పెళ్ళయి బెంగళూరు వచ్చి 23 ఏళ్ళు. ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు. ఆరేళ్ళుగా షుగరు, మూడేళ్ళుగా బీపీ. మెట్‌ఫార్మిన్ రెండు పూటలా, పొద్దున గ్లిమిపిరైడ్ ఒకటి, బీపీకి టెల్మిసార్టాన్. డాక్టరు దగ్గర గంటన్నర బెంచీ మీద కూర్చుంటే లోపల నాలుగు నిమిషాలు. "తలెత్తి నా మొహం చూడడు, రిపోర్టు చూస్తాడు. అన్నం తగ్గించండి అంటాడు, బదులు ఏం తినాలో చెప్పడు" అని రాశారు.

ఐదు నెలల కిందట వాళ్ళ వదిన, అంటే భర్తకి అక్క, తనకి తెలిసిన ఒక మూలికా వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన ముప్పావు గంట కూర్చోబెట్టి నిద్ర గురించి, నెలసరి గురించి, పోయిన ఏడాది అత్తగారు పోయిన సంగతి గురించి కూడా అడిగాడట. "అక్కడే ఏడ్చేశాను" అన్నారు. రాత్రి అన్నం బంద్, ఏడింటికల్లా భోజనం, అరగంట నడక, ప్రాణాయామం, పొద్దున్నే కాకరకాయ రసం. మాత్రలు మామూలుగానే వేసుకున్నారు. పదో రోజు ఆఫీసులో పదకొండున్నరకి చేతులు వణికి, చల్లటి చెమటలు పట్టి, స్క్రీన్ మీద అంకెలు అలుక్కుపోయాయి. పక్క సీటు అమ్మాయి టిఫిన్ డబ్బాలోంచి మైసూర్ పాక్ తీసి నోట్లో పెడితే తేరుకున్నారు. ఫోన్ చేస్తే వైద్యుడు "ఆ మాత్రలు ఇక మీ ఒంటికి పడవు, మానేయండి" అన్నాడు. షుగరు మాత్రలు రెండూ మానేశారు. బీపీ మాత్ర మాత్రం తల బరువుగా ఉన్న రోజున వేసుకుంటున్నారు.

అప్పటినుంచి పొడి పొట్లాలు, రోజుకి రెండు. పేరు లేదు, పైన ఎర్ర పెన్నుతో "ఉ", "సా" అని రాసుంటుంది. రెండు వారాల్లో ఏళ్ళనాటి మోకాళ్ళ నొప్పి మాయమైంది. బుగ్గలు నిండాయి, ఆకలి పెరిగింది, నిద్ర మాత్రం పలచబడింది. రాత్రిళ్ళు అరికాళ్ళు మంటలు. అవి పాత మాత్రలు చేసిన వేడి అని వైద్యుడు చెప్పాడు. ఇంట్లో మిషన్ మీద పరగడుపు షుగరు 125, 130 వస్తోంది. సంతోషంగా, ఎవరికీ చెప్పకుండా పోయిన నెల హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) చేయించుకుంటే, అంతకుముందు 7.3 ఉన్నది 8.6 అయింది.

డాక్టరుకి చెబితే తిడతాడేమో. భర్తకి చెబితే వాళ్ళ అక్కతో గొడవ. పైగా ఆయనకి ఆఫీసు చెకప్‌లో హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది, ముందు జాగ్రత్తగా ఆయనకీ ఇదే పొడి మొదలుపెట్టమని వదినగారి సలహా. ఆ వదినగారు కూడా మోకాళ్ళ కోసం ఏడాదిగా ఇదే పొడి వాడుతున్నారు. "రెండు వైద్యాలూ కలిపి నడిపించుకునే దారి ఏదైనా ఉందా, లేక ఒకటి వదులుకోవాల్సిందేనా?" అని అడిగారు.

*

అమ్మా, నేను డాక్టర్ని కాను. పదకొండేళ్ళుగా షుగరుతో కాపురం చేస్తున్నదాన్ని, అంతే. కాబట్టి మోతాదులు చెప్పను. కానీ మీ ఉత్తరంలో మీరు ఒక ముడిగా చూస్తున్నది నాకు మూడు నాలుగు వేరు వేరు దారాలుగా కనబడుతోంది, వాటిని విడదీయగలను.

మొదట ఆ పదకొండున్నర సంగతి. అది మాత్రలు మీ ఒంటికి పడకపోవడం కాదమ్మా, షుగర్ డౌన్ అవడం. గ్లిమిపిరైడ్ పని ఏమిటంటే మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని పిండి బయటికి తీయడం. రాత్రి అన్నం పోయింది, నడక వచ్చింది, పొద్దున్నే కాకరకాయ రసం. మాత్ర మాత్రం పాత తిండికి లెక్కేసిన మాత్రే. తిండి తగ్గి మాత్ర తగ్గకపోతే జరిగేది అదే. నిజానికి అది శుభవార్తే, మీ ఒంటికి ఆ మాత్ర అవసరం తగ్గడం మొదలైందన్నమాట. ఆ రోజు డాక్టరుకి ఒక ఫోన్ కొట్టి ఉంటే ఆయన దాన్ని తగ్గించేవాడో, తీసేసేవాడో. ఫోన్ వేరే చోటికి వెళ్ళింది, దాంతో ఏ పాపమూ ఎరగని మెట్‌ఫార్మిన్ కూడా ఇంటికి పోయింది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే అలా డౌన్ అవడం చాలా అరుదు.

ఆ మెట్‌ఫార్మిన్‌ని మీరు "రసాయనం" అని రెండు చోట్ల రాశారు, చదువుతుంటే నవ్వొచ్చింది. ఐరోపాలో గాలెగా అని లేత ఊదారంగు పూల మొక్క ఒకటుంది. దాన్లోని గెలెజిన్ అనే పదార్థం రక్తంలో చక్కెర తగ్గిస్తుందని గమనించి, అది మనిషికి పడదని తేలి, దాని చుట్టాల్లాంటి పదార్థాలు తయారుచేస్తూ పోతే వచ్చిందే ఈ మందు. షుగరుకి మందుగా 1957లో ఫ్రాన్సులో మొదలైంది. అంటే మీరు మానేసినదే ఒక రకంగా మూలిక మనవరాలు. దానికీ లోపాలున్నాయి, ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో బీ12 విటమిన్ తగ్గుతుంది. మీ అరికాళ్ళ మంట అందువల్ల కావచ్చు, షుగరు నరాల్ని పట్టుకోవడం వల్ల కావచ్చు. "వేడి" అని పేరు పెట్టేస్తే ఈ రెండిట్లో ఏదన్నది ఎవరూ వెతకరు. బీ12 పరీక్ష చేయించండి, పాదాలు చూపించండి.

ఇక పొట్లం. ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి.

8.6 అంటే గడిచిన రెండు మూడు నెలల్లో మీ సగటు షుగరు 200 దగ్గర ఉన్నట్టు. మీ పరగడుపు లెక్క 130. మరి మిగతాది ఎక్కడినుంచి వచ్చింది? మధ్యాహ్నం, సాయంత్రం బాగా పైకి పోతూ ఉండాలి, ఆ వేళల్లో మీరు ఎప్పుడూ చూసుకోలేదు. (నెలసరి ఎక్కువగా అవుతోందని రాశారు. ఐరన్ తక్కువగా ఉంటే హెచ్‌బీఏ1సీ కొంచెం ఎక్కువ చూపిస్తుంది, అందుకని హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి, కానీ అదొక్కటే ఇంత తేడా తెస్తుందని నాకు అనిపించడం లేదు.) పరగడుపున ఫరవాలేదు, మధ్యాహ్నం నుంచి ఎగబాకుతుంది; ఏళ్ళనాటి మోకాళ్ళ నొప్పి రెండు వారాల్లో మాయం; బుగ్గలు నిండాయి; ఆకలి; నిద్ర పట్టకపోవడం. ఇవన్నీ ఒక వరసలో పెడితే నాకు గుర్తొచ్చేది స్టెరాయిడ్, నొప్పిని చప్పున అణిచి షుగరుని పెంచే మందు. నొప్పులకి, ఉబ్బసానికి ఇచ్చే పేరు లేని పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మడం మన దేశంలో ఎన్నోసార్లు పట్టుబడింది. మీ వైద్యుడు అలా చేశాడని నేను అనడం లేదు, ఆయనకే తెలియకుండా ఎక్కడినుంచో తయారు సరుకుగా వచ్చి ఉండవచ్చు, అసలు నా అనుమానమే తప్పయి ఉండవచ్చు. కానీ ఈ అనుమానం తీర్చుకోకుండా ఇంకో నెల గడపకండి.

అలాగని ఇది చదివి రేపు పొద్దున్నే పొట్లాలు చెత్తబుట్టలో పడేయకండి. నెలల తరబడి స్టెరాయిడ్ లోపలికి వెళ్తే ఒళ్ళు తను చేసుకోవాల్సిన కార్టిజాల్ అనే హార్మోన్‌ని చేసుకోవడం మానేస్తుంది. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి, వాంతులై, లేవలేని నీరసం వచ్చి ఎమర్జెన్సీకి పోవాల్సి రావచ్చు. అందుకని ఈ రెండు మూడు రోజుల్లోనే ఫిజీషియన్‌కి పొట్లాలతో సహా కనబడండి, ఎలా ఆపాలో, ఆపాలో లేదో ఆయన చెప్పాలి. పొద్దున ఎనిమిది ప్రాంతంలో తీసే కార్టిజాల్ రక్తపరీక్ష ఉంటుంది, దానితో పాటు లివరు, కిడ్నీ కోసం క్రియాటినిన్, రక్తంలో సీసం కూడా అడగండి. సీసం ఎందుకంటే, ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేద మందులు 193 కొని అమెరికాలో పరీక్షిస్తే దాదాపు ఐదింట ఒకదాంట్లో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో కనబడిందని 2008లో అక్కడి వైద్య పత్రికలో వచ్చింది. అవి అక్కడ తయారైనవీ, ఇక్కడ తయారైనవీ రెండూ. ఈలోగా కళ్ళు తిరగడం, వాంతులు, మరీ నీరసం వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళిపోండి.

బీపీ మాత్ర తల బరువునిబట్టి వేసుకోవడం గురించి ఒక్క మాటే. బీపీ చాలామందికి ఏమీ తెలియనివ్వదు, అదే దాంతో చిక్కు. రోజూ వేసుకోండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, రెండూ కలిపి నడిపించుకోవచ్చా అని. నడిపించుకోవచ్చు, చాలామంది నడిపించుకుంటున్నారు. కాకపోతే ఈ ఐదు నెలలుగా మీరు చేసింది కలపడం కాదు, ఒకరికి తెలియకుండా ఇంకొకరి దగ్గరికి వెళ్ళడం. కలపడమంటే ఒకే ఫైలు, అందులో ఇద్దరి చీటీలూ, ఇద్దరూ ఎదుటివాడి చీటీ చదివి ఉండాలి. ఆ వైద్యుడు మీకు ఇచ్చినవాటిలో ఏడింటి భోజనం, నడక, ప్రాణాయామం, ఆ ముప్పావు గంట మాట, ఇవి బంగారం. వీటికి ఏ డాక్టరూ అడ్డు చెప్పడు, సిగ్గుపడతాడేమో, తను చెప్పాల్సినవి ఇంకొకరు చెప్పినందుకు. యోగా కూడా మందుకి తోడుగా చేస్తే షుగరునీ బీపీనీ కొంత తగ్గిస్తుంది. కొంత, మందు మానేసేంత కాదు. మీ లెక్కలో ఇవన్నీ ఒక మూట, పేరు లేని పొడి ఇంకో మూట. మొదటి మూట చేసిన మేలంతా రెండోదాని ఖాతాలో పడుతోంది, అకౌంట్స్ చూసే మనిషి మీరు, ఇంతకంటే నేను చెప్పక్కర్లేదు.

మీ ముందు దారులు ఏమున్నాయో చూద్దాం.

పాత డాక్టరు దగ్గరికే వెళ్ళి అంతా చెప్పడం ఒకటి. తిట్టొచ్చు, నిజమే. నేను ఒకసారి మూడు నెలలు మందు మానేసి వెళ్తే ఆ డాక్టరు కంప్యూటర్లోంచి తల తిప్పకుండానే "మీ ఇష్టం అమ్మా, కళ్ళు మీవి" అన్నాడు. ఆ మాటకి వారం రోజులు కుమిలాను, తర్వాత డాక్టర్ని మార్చాను, మందు మాత్రం మళ్ళీ మొదలుపెట్టాను. మీకు లాభం ఏమిటంటే మీ ఆరేళ్ళ రికార్డు ఆయన దగ్గరుంది, ఇప్పుడు మీ తిండి మారింది కాబట్టి గ్లిమిపిరైడ్ అసలు వద్దనే అవకాశం కూడా ఉంది. నాలుగు నిమిషాలే ఇస్తాడు కాబట్టి అర ఠావు మీద రాసుకెళ్ళండి: ఏ తారీఖున ఏ మాత్ర మానేశాను, పొట్లం ఎప్పుడు మొదలు, మైసూర్ పాక్ రోజు, పరగడుపు రీడింగులు, ఈ వారం మధ్యాహ్నం తిన్న రెండు గంటలకి చూసిన రీడింగులు, ఒంట్లో మార్పులు. కాగితం ముందు పెట్టి, దాని మీద పొట్లం పెట్టండి. తలెత్తకుండా ఉండలేడు.

డాక్టర్ని మార్చడం ఇంకొకటి. బెంగళూరులో దానికి కొదవ లేదు, కానీ కొత్తాయన మొదటినుంచీ పరీక్షలు రాస్తాడు, డబ్బూ టైమూ పడుతుంది. డైటీషియన్ కూడా కూర్చునే చోటు చూసుకోండి, మీకు లోటయ్యింది అక్కడే.

ఆయుర్వేదం మీద నమ్మకం ఉండి, అది వదులుకోవడం ఇష్టం లేకపోతే, మూడో దారి ఉంది. మెజెస్టిక్ దగ్గర ధన్వంతరి రోడ్డులో జయచామరాజేంద్ర ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి ఉంది, యునానీ కావాలంటే మాగడి రోడ్డు వైపు కొట్టిగెపాళ్యలో జాతీయ యునానీ సంస్థ ఉంది. అక్కడ చదువుకున్న వైద్యులు చీటీ మీద మందు పేరు రాసిస్తారు, ఆ చీటీ మీ ఫిజీషియన్‌కి చూపించుకోవచ్చు. లైను ఉంటుంది, ఓపిక కావాలి. ఎక్కడికెళ్ళినా మూడు ప్రశ్నలు అడగండి: దీని పేరేమిటి, నేను వేసుకునే మాత్రలతో కలిస్తే ఏమవుతుంది, ఏ పరీక్షలో ఎంత వస్తే పనిచేసినట్టు? మూడోదానికి జవాబు చెప్పలేని వైద్యుడి దగ్గర ఏ పద్ధతి వైద్యమైనా చేయించుకోకండి. షుగరు పూర్తిగా పోగొడతామని ప్రకటన వేయడం 1954 నాటి కేంద్ర చట్టం ప్రకారం నేరం, బీపీ కూడా ఆ జాబితాలో ఉంది. బోర్డు మీద అలా రాసుంటే బోర్డు చూసి వెనక్కి వచ్చేయండి. మూలికలకి సైడ్ ఎఫెక్టులు ఉండవన్న మాట కూడా నమ్మకండి. అతిమధురం ఎక్కువగా వాడితే బీపీ పెరుగుతుంది. కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయాలు తాగి లివర్ దెబ్బతిన్నవాళ్ళ కేసుల్ని ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారు, ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, ఆ వాదన ఇప్పటికీ నడుస్తోంది.

ఇప్పుడున్నట్టే సాగిపోవడం కూడా ఒక దారే, చాలామంది పట్టేది అదే. మీకు ఈ నెలలోనో వచ్చే నెలలోనో పైకి ఏమీ తెలియకపోవచ్చు. కన్నులో రెటీనా, కిడ్నీ వడపోత, పాదాల నరాలు, ఇవి అరుస్తూ చెడిపోవు. ఏ దారి పట్టినా రెటీనా పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష ఏడాదికోసారి తప్పదు. మీరు ఎప్పుడు చేయించుకున్నారో ఉత్తరంలో ఎక్కడా లేదు.

మీవారి 6.1 సంగతి. 5.7 నుంచి 6.4 దాకా షుగరు అంచు అంటారు. ఆయనకి పొడి వద్దు, ఏ పొడీ వద్దు. ఇలాంటి అంచు మీద ఉన్న 531 మందిని చెన్నైలో మూడేళ్ళు గమనించి 2006లో ఫలితాలు వేశారు. మామూలు సలహాతో వదిలేసినవాళ్ళలో 55 శాతం మందికి షుగరు వచ్చేసింది. తిండి, నడక మార్చుకున్నవాళ్ళలో 39 శాతం, మెట్‌ఫార్మిన్ ఇచ్చినవాళ్ళలో 40 శాతం. రెండూ కలిపినా అంతకంటే పెద్దగా తగ్గలేదు. మన తిండి తినే, మన ఒళ్ళున్న మనుషుల మీద చేసిన పని ఇది, అందుకే నాకు నచ్చుతుంది. కాబట్టి మీ ఏడింటి భోజనంలో ఆయన్నీ కూర్చోబెట్టండి, అదే ఆయనకి మందు. వారానికి 150 నిమిషాల నడక, ముందు కూర, పప్పు తిని ఆ తర్వాత కొలిచిన అన్నం. మా ఇంట్లో బియ్యం కొలిచే గ్లాసు మార్చాం, పెద్ద స్టీలు గ్లాసు అటక మీదికి పోయి టీ గ్లాసు కిందికి వచ్చింది, ఎవరితోనూ వాదించకుండానే అన్నం సగానికి దిగింది. రాగి మంచిదని జావ చేసి తాగకండి, మెత్తటి పిండి పల్చగా ఉడికితే షుగరు చకచకా ఎక్కుతుంది. రాగి ముద్ద చిన్నది చేసుకుని నిండా ఆకుకూర పప్పుతో తింటే నయం. పొద్దున పార్కులో నాలుగు రౌండ్లు కొట్టి తిన్నగా దర్శిని హోటలుకి పోయి నిలబడి చౌచౌ బాత్ (ఉప్మా, కేసరి) తినే మగవాళ్ళని నేను రోజూ చూస్తాను, మీవారు ఆ గుంపులో ఉన్నారేమో కనుక్కోండి. ఉప్పు ఇద్దరికీ కలిపి ఆలోచించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకి 5 గ్రాముల లోపు అంటుంది, అంటే ఒక టీ చెంచా. ఆవకాయ, కందిపొడి, అప్పడం, ఊరమిరపకాయ ఒకే విస్తట్లో ఉంటే ఆ చెంచా అక్కడే అయిపోతుంది. పొటాషియం కలిపిన ఉప్పు కొనే ముందు డాక్టర్ని అడగండి, మీరు వేసుకునే టెల్మిసార్టాన్‌తో పొటాషియం పెరగవచ్చు.

మిగిలింది వదినగారు. ఆవిడ మంచి కోరే తీసుకెళ్ళారు, మీరూ అలాగే రాశారు. దీన్ని "మీ అక్క నన్ను ముంచింది" అని మొదలుపెడితే ఇంట్లో పంచాయితీ అవుతుంది, షుగరు పక్కకి పోతుంది. మీవారికి ముందు అంకెలు చూపించండి. ఈ వారం ఆయన ఎదురుగానే మధ్యాహ్నం తిన్న రెండు గంటలకి వేలు గుచ్చి చూసుకోండి (ఆదివారం నుంచి మొదలుపెట్టండి, ఇద్దరూ ఇంట్లో ఉంటారు). మిషన్ మీద 240 కనబడితే మీరు ఎవరినీ ఏమీ అనక్కర్లేదు. ఆ తర్వాత హెచ్‌బీఏ1సీ కాగితం తీయండి, దాచినందుకు ఒక గంట అలుగుతారేమో.

ఆవిడకి మాత్రం మీరే చెప్పండి, మీవారి చేత చెప్పించకండి. ఏడాదిగా అదే పొడి తింటున్నది ఆవిడ. నా అనుమానం నిజమైతే మీ కంటే ఆవిడకి ప్రమాదం ఎక్కువ. ఎముకలు గుల్లబారతాయి, కార్టిజాల్ ఇంకా ఎక్కువ దెబ్బతిని ఉంటుంది. "వదినా, నాకు రక్తపరీక్షలు రాశారు, నువ్వూ అదే పొడి వాడుతున్నావు కదా, నాతో రా, ఇద్దరం చూపించుకుందాం. అప్పటిదాకా నీ అంతట నువ్వు ఆపెయ్యకు" అనండి. పొద్దున ఎనిమిదికల్లా ల్యాబులో ఉండాలి కాబట్టి ముందు రోజు రాత్రి ఆవిడ మీ ఇంట్లోనే పడుకుంటే మంచిది. పొట్లాల్లో రెండు వాడకుండా, మడత విప్పకుండా పక్కన పెట్టండి, పరీక్షకి పంపించాలని డాక్టరు అడగవచ్చు.